ఉంగరపుఁ గథ: బిల్బో వాక్యప్రామాణ్య విచారము

పాణిని ముని లిట్టును బరోక్షభూతార్థమున విధించెను. వక్త తాను జూడని పూర్వక్రియకే యా రూపము చెల్లును. అట్లయినచో నుత్తమపురుషమున లిట్టునకుఁ దావెక్కడిది? తాను జేసినపని తనకుఁ బరోక్షమెట్లగును? ఈ శంకకు వైయాకరణులు రెండు తెరువులు చూపిరి. నిద్రచేతనో మదముచేతనో చిత్తము విక్షిప్తమైనవానికిఁ దన చేష్టయుఁ బరోక్షమే. శాకటాయనుఁడు రథమార్గమునఁ గూర్చుండియు బండ్లబారు పోవుటను గానఁడయ్యెనని భాష్యకారుఁడు చెప్పినది మనస్సు వేఱొకచోట నుండుటను జూపుటకే. ఇఁక రెండవది యత్యంతాపహ్నవము. అనఁగాఁ దాఁ జేసినదానిని మొదలంటఁ ద్రోసిపుచ్చుట. ఇది కేవలము ప్రక్రియావిషయమని విద్యార్థులు తలఁతురు గాని, స్వానుభవమును జెప్పువాని మాట యెప్పుడు సంశయింపఁదగునో కూడ నిందే సూచింపఁబడినది. ఆంగ్లభాషలోని యొక యద్భుతకథామాలయం దీ రెండింటికిని జక్కని లక్ష్యములు గలవు.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునఁ బ్రాచీనాంగ్లభాషాచార్యుఁడైన జె. ఆర్. ఆర్. టోల్కీను 1937లో “ది హాబిట్” అను కథను బ్రకటించెను. దానికిఁ దరువాయిగా “ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్” 1954, 1955 సంవత్సరములలో మూఁడు సంపుటములుగా వెలువడెను. హాబిట్టు లొక పొట్టిజాతివారు. వారిలో నొకఁడగు బిల్బో మరుగుజ్జుల వెంట నిధికొఱకుఁ బోవుచుఁ గొండసొరంగములోఁ దారితప్పి, చీఁకటిలో నొక యుంగరమును గనుఁగొని జేబులో వైచుకొనెను. అది ధరించినవానిని నదృశ్యునిఁ జేయును. అచట నీటియొడ్డున దాని పూర్వస్వామి యగు గొల్లమ్ అనువాఁడు తటస్థపడఁగా, నిద్దఱును బొడుపుకథలతోఁ బందెము వేసికొనిరి.

పందె మేమి? ఇచ్చటనే పాఠభేదము. 1937 నాఁటి పాఠమున, తానోడినచో బహుమాన మిత్తునని గొల్లమ్ ఒప్పుకొనును; ఆ బహుమానము ఉంగరమే. ఓడిన పిమ్మట దానిని దేఁబోయి కానక, క్షమింపుమని వేఁడుకొని, బదులుగా వెలికిఁ దారి చూపును. 1951 నాఁటి ద్వితీయముద్రణమున బహుమానప్రసక్తియే లేదు. గెలుపునకు ఫలము దారి చూపుట. ఓటమికి ఫలము బిల్బో గొల్లమ్‌నకు నాహారమగుట. ఓడిన గొల్లమ్ వానిని జంపఁదలఁచి యుంగరమునకై పోయి, అది పోయినదని యెఱిఁగి, దొంగ యని శపించుచు వెంటఁబడును. 1954 నాఁటి యుపోద్ఘాతము ఈ చిక్కును విప్పినది: తొలిపాఠము బిల్బో తనవారికిఁ జెప్పి స్మృతిగ్రంథమున వ్రాసికొన్న యసత్యము, రెండవది జరిగిన కథ.

ఇందుఁ బూర్వపక్షము బలమైనదే. తరువాతి కథలో నుంగరము తన్ను ధరించినవాని మనస్సును బట్టి పీడించు దుష్టశక్తి యయ్యెను. దానిని గొల్లమ్ బహుమానముగా నిచ్చుట పొసఁగదు. కావునఁ గథ మార్చుకొన్న గ్రంథకర్త తన యసంగతిని బాత్రపై మోపెనందురు. పాఠము మాఱుటకుఁ గారణ మదియే కావచ్చును. కాని వాక్యముత్పన్నమైన కారణము వేఱు, వాక్యార్థము వేఱు. బిల్బోపై నసత్య మారోపించుట వాని శీలమునకు సరిపడునా యనునదే విచార్యము. దీనికి 1937 నాఁటి పాఠమే సాక్ష్యమిచ్చుచున్నది. గ్రంథాంతమున బిల్బో తన స్మృతులను వ్రాసికొనుచుండును. వాని కాతఁడు తలఁచిన పేరిలోని మొదటిభాగమే యీ గ్రంథమునకు నుపశీర్షిక. ఇంతకంటె ముఖ్యమైనది మణివృత్తాంతము. నిధిలో శ్రేష్ఠమైన యార్కెన్‌స్టోన్ అను మణిని బిల్బో గుట్టుగా దాఁచుకొని, తన పాలు తానే యేఱుకొనవచ్చునని వారు చెప్పిరి గదా యని సమాధానపడును; ఆ మాట యీ మణికి వర్తింపదని లోలోపల నెఱుఁగును. పిమ్మట యుద్ధము మాన్పుటకై దానిని బరులకిచ్చి, మరుగుజ్జుల రాజునెదుట నొప్పుకొనును. స్వత్వవిషయమున మెత్తని సాకు కల్పించుకొనుట వానికిఁ గ్రొత్త గాదు. తనకుఁ బ్రతికూలమైన నిజము చెప్పుటయుఁ గ్రొత్త గాదు. కావున వాఁడు వ్రాసినదంతయుఁ ద్రోసివేయఁ బనిలేదు. వాఁడు దేనిని దనదని చెప్పుచున్నాఁడో యచ్చటనే విమర్శకుఁడు నిలిచి చూడవలయును.

మాంత్రికుఁడైన గాండాల్ఫు చేసిన దిదియే. ఇద్దఱు సాక్షు లొకమాట చెప్పిన నది స్థిరపడునని లోకము నమ్మును. ఉంగరము పుట్టినరోజున వచ్చిన బహుమానమని గొల్లమ్. పందెమున వచ్చిన బహుమానమని బిల్బో. ఈ సంవాదమే గాండాల్ఫునకు శంక పెంచినది. బిల్బో యా మాటను గొల్లమ్ నోటనే వినియుండెను. కాఁబట్టి రెండును స్వతంత్రసాక్ష్యములు గావు. రెండింటికిని బ్రయోజన మొక్కటియే, ఉంగరము న్యాయార్జితమనిపించుట.

అయినను నిద్దఱి యసత్యములు నొక్కజాతివి గావు. గొల్లమ్ తన మిత్రుఁడైన డియాగల్‌ను జంపి యుంగరమును గైకొనెను. అవ్వ యిచ్చినదని కల్పించి, చీఁకటిలోఁ బలుమాఱు వల్లించి వల్లించి తుదకుఁ దానే యించుమించుగా నమ్మెను. అపహ్నవము ముదిరి చిత్తవిక్షేపమైనది. బిల్బో యంతదూరము పోలేదు. గాండాల్ఫు పట్టి యడుగఁగా నిజము చెప్పెను. పిదప నెల్రాండు సభలో, దొంగ యను పేరు పోఁగొట్టుకొనుటకే యట్లు చెప్పితినని మన్నన వేఁడెను. కాని స్మృతిగ్రంథములోని వ్రాఁతను మాత్రము దిద్దినట్లు కానరాదు. నోట నొప్పుకొన్నదానిని జేత దిద్దలేకపోవుట వట్టి సోమరితన మనరాదు. ఉంగరమును విడిచినను దాని పట్టు కొంత మిగిలినదనుటయే యుక్తము.

ఫ్రోడో, సామ్ అను తరువాతివారు నిజ మెఱిఁగియు వృద్ధుని వ్రాఁతను గొట్టివేయ నొల్లరైరి. వారి టిప్పణములనుండియే కాఁబోలు, నిజమైన కథ పెక్కు ప్రతులలోఁ బాఠాంతరముగాఁ జేరినది. మునిత్రయమున నుత్తరోత్తరునకే ప్రామాణ్య మధికమయినను, వార్తికము వచ్చినదని సూత్రము నెవరును జెఱపలేదు. రెండవపాఠము దొరకఁగానే మొదటిదానిని మాటాడక మాయముచేయు పరిష్కర్త లీ హాబిట్టులను జూచియైనను సిగ్గుపడవలయును. 1951 తరువాతి ముద్రణములలోఁ దొలిపాఠము మూలమునుండి తొలఁగినది. 1988లో డగ్లస్ ఆండర్సన్ సవ్యాఖ్యానముగాఁ బ్రకటించిన ప్రతిలో నది టిప్పణములయందుఁ జేర్పఁబడినందున, నిరుపాఠములను బ్రక్కప్రక్కనఁ జదువ వీలయినది.