తరుగు, మజూరీ, ఒక రాగితీగ

మెడలో కొత్త గొలుసు కనబడితే మన ఇళ్లలో వినబడే మొదటి ప్రశ్న "ఎన్ని తులాలు?" నగ బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. తూకం తెలిస్తే ధర తెలుస్తుంది, ధర తెలిస్తే కొన్నవాళ్ల స్థోమత తెలుస్తుంది, అక్కడితో ముచ్చట ముగుస్తుంది. రాగితీగతో చుట్టిన ఒక ఎర్రరాయి లాకెట్టు ముందో, ఇంట్లో గుచ్చుకున్న పూసలదండ ముందో మాత్రం ఈ ప్రశ్న తెల్లమొహం వేస్తుంది. అందులో లోహం విలువ పదో పాతికో. దాని వెనక మాత్రం ఒక పూట పని ఉంటుంది. సెలవురోజు సరదాగా ఇలా నగలు చేసుకోవడం కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాలుగు రూపాయలు వస్తేనే ఆ కష్టానికి అర్థమనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ సరైన మాటలుగా తోచవు. బంగారం లెక్కలో మనం నష్టం కింద రాసుకునే మజూరీయే నగ మొత్తం అయితే ఎలా ఉంటుందో ఈ సరదా చూపిస్తుంది. దాని అసలు ప్రయోజనం అదే.

నగల కొట్టు బిల్లు ఒకటి తీసి చూడండి. బరువు, ఆ రోజు ధర, తరుగు, మజూరీ, పన్ను. కొన్ని దుకాణాల్లో తరుగునూ మజూరీనీ కలిపేసి 'వీఏ' అంటారు, అంటే జోడించిన విలువ అని. పేరు గొప్పగానే ఉంది. అదే నగను మళ్లీ అమ్మడానికి తీసుకెళ్తే ముందుగా మాయమయ్యేది మాత్రం ఆ జోడించిన విలువే. రాళ్ల బరువు తీసేసి, కరిగిస్తే ఎంత బంగారం తేలుతుందో అంతకే డబ్బు. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. బీఐఎస్ గుర్తు, 22 క్యారెట్లయితే 916 అన్న స్వచ్ఛత అంకె, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ నగ మీద ఉంటాయి. కొనేవాళ్లు మోసపోకుండా అవి కాపాడతాయి, కాదనను. కానీ అతుకు సరిగా పడిందా, కొక్కెం నిలుస్తుందా, ఈ చేతిపని ఎవరిది అన్నవాటికి ఆ మూడు ముద్రల్లో ఎక్కడా జవాబు లేదు.

ఆ పని ఎలాంటిదో తెలియాలంటే ఒక్క పూసను దగ్గరగా చూస్తే చాలు. బెజ్జం ఉన్న గార్నెట్ పూసలోకి అర మిల్లీమీటరు మందం ఉన్న రాగితీగను దూర్చాలి. పూస పైన కాస్త మెడ వదిలి తీగను అడ్డంగా వంచాలి. గుండ్రటి ముక్కున్న ప్లయర్‌తో దాన్ని వెనక్కి తిప్పి చిన్న కొలికి చేయాలి. మిగిలిన కొసను ఆ మెడ చుట్టూ రెండు మూడు చుట్లు సందు లేకుండా చుట్టి, కత్తిరించి, లోపలికి నొక్కాలి. చెప్పడానికి అరనిమిషం. ప్లయర్ ముక్కు కొసన సన్నగా, మొదట లావుగా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ తీగను ఒకేచోట పట్టకపోతే ఒక కొలికి మిరియమంత, ఇంకొకటి బఠాణీ అంత వస్తాయి. రాగి మెత్తనిదే గానీ వంచేకొద్దీ బిరుసెక్కుతుంది. తప్పయిందని విప్పి, మళ్లీ వంచి, మళ్లీ విప్పితే పుటుక్కున తెగుతుంది. కొస సరిగా నొక్కారో లేదో తేల్చేది చీరకొంగు: ఒక్క పోగు తగులుకున్నా పని పూర్తి కానట్టే. బెజ్జం లేని రాయైతే నాలుగు తీగలు పక్కపక్కన పేర్చి, సన్నతీగతో కట్టి, చట్రంలా వంచి, రాయి జారకుండా వాటిని ముందుకీ వెనక్కీ లాగి బిగించాలి. టంకం లేదు, జిగురు లేదు, నిప్పు లేదు. రాయిని పట్టి ఉంచేది ఆ వంపులో ఉన్న బిగువే.

విలువ లోహంలో కాదు, పనిలో ఉంటుందన్న సంగతి విశాఖ మల్కాపురంలాంటి చోట ఇట్టే అర్థం కావాలి. రిఫైనరీ, షిప్‌యార్డు, డాక్‌యార్డుల నడుమ ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు చేతిపని మీద బతికిన ప్రాంతమిది. సింధియా కూడలికి పేరిచ్చిన ఓడల కంపెనీ 1941లో పునాది వేసిన యార్డు నుంచే 1948లో 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగింది. ఓడను ఎవరూ ఉక్కు ధరకు కొనరు. టన్నుల లెక్కన అమ్మేది ఒక్కసారే, విడగొట్టడానికి పంపేటప్పుడు. 2001లో సేవలు చాలించిన కుర్సురా జలాంతర్గామికి ఆ గతి పట్టనివ్వకుండా 2002లో బీచ్‌రోడ్డు మీద మ్యూజియం చేశారు. తుక్కు ధర దాని విలువ కాదని ఈ ఊరు అలా ఒప్పుకుంది. ఇంకొంచెం చిన్న ఉదాహరణ కావాలంటే కొండలవైపు చూడాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ రాయి ఖోండలైట్ జాతిది, అందులో గార్నెట్ కలిసి ఉంటుంది. ఇలాంటి కొండరాళ్లు అరిగి కొట్టుకొచ్చిన గింజలే భీమిలి తీరంలో ఇసుకను అక్కడక్కడా ఎర్రబరుస్తాయి. ఓడ రేకుల తుప్పు వదిలించే బ్లాస్టింగ్ పనికి గార్నెట్ ఇసుకను టన్నుల్లో వాడతారు. అదే ఖనిజం గడ్డలుగా దొరికినచోట సానపట్టి, బెజ్జం వేస్తే, ఒక్కొక్కటీ లెక్కపెట్టి గుచ్చుకుంటాం. టన్నుకీ లెక్కకీ మధ్య చేరింది పనితనం.

ఇది కొత్తగా దిగుమతి అయిన మోజు కూడా కాదు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపడ్డ ఊరు. కరిగిన గాజుముద్దను 'లడ' అనే బోలు ఇనపగొట్టానికి పట్టించి, నడుమ కన్నం పూడకుండా సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి, బూడిదలో కలిపి వేడిచేసి అంచులు నున్నబరిచే పద్ధతి అక్కడిది. ఇలా లాగి చేసిన పూసలే రెండు వేల ఏళ్ల కిందట దక్షిణాది నుంచి ఆగ్నేయాసియా దాకా వెళ్లాయి. పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వాటిని ఇండో-పసిఫిక్ పూసలన్నాడు. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువుల భరిణెల్లో బంగారుపూల పక్కనే పూసలు కనిపించాయి. తెలంగాణలో కొండాపూర్ తవ్వకాల్లోనైతే విలువైన రాళ్ల పూసలతోపాటు గాజువీ మట్టివీ బయటపడ్డాయి. మట్టిపూసకు కూడా శ్రద్ధగా బెజ్జం వేసినవాళ్లు తూకం కోసం ఆ పని చేసి ఉండరు.

ఇక అభ్యంతరాలు. మొదటిది బలమైనదే: బంగారం ఆడవాళ్లకు అలంకారమే కాదు, ఆసరా కూడా. ఆస్పత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో తాకట్టు పెట్టుకోగల ఆస్తి అది. రాగి లాకెట్టు మీద ఏ బ్యాంకూ అప్పివ్వదు. పైగా విశాఖ ఉప్పుగాలికి, చెమటకు రాగి నల్లబడుతుంది, పచ్చబారుతుంది. చింతపండుతో తోమితే తళతళలాడుతుందనుకున్నా, నగలో ముత్యముంటే ఆ పులుపు దానికి పడదు, పొర తినేస్తుంది. ఇదంతా నిజమే. అందుకే బంగారం మానేసి తీగ నగలే పెట్టుకోమని నేననడం లేదు. పొదుపునీ అలంకారాన్నీ ఒకే త్రాసులో వేసి తూస్తే రెండోది ఎప్పుడూ తేలిపోతుందని, అప్పుడు చేతిపనిని చూసే కన్ను పోతుందని మాత్రమే అంటున్నాను.

రెండో మాట కంసాలుల గురించి. ఇంటింటా నగలు చేసుకుంటే ఆ వృత్తి ఏం కావాలని అడుగుతారు. ఆ వృత్తిని కుదిపింది సరదా చేతులు కావు. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు కొత్త నగలను 14 క్యారెట్లకు పరిమితం చేసి వేలాది కుటుంబాల పని తీసేశాయి. 1968లో చట్టమైన ఆ నియంత్రణ 1990లో గానీ రద్దు కాలేదు. తర్వాత మిషన్ గొలుసులొచ్చాయి, పెద్ద షోరూములొచ్చాయి. వీటన్నిటిలో లోహం గురించిన చింత ఉంది, చేతి గురించి లేదు. నల్లపూసల గొలుసులో ఒక్కో పూసకూ బంగారు తీగ చుట్టిన కంసాలి నేర్పు ఏపాటిదో, ఇరవై కొలుకులు ఒకే కొలతకు తిప్పబోయి ఓడినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కమ్మెచ్చులో తీసినట్టు అనే మాట బరువు వాళ్లకే అందుతుంది. సరదాగా నేర్చుకున్నవాళ్లు కంసాలికి పోటీ కాదు, అతని పనిని గుర్తుపట్టగల కొనుగోలుదారులు.

మూడోది, అమ్ముకోవచ్చు కదా అన్న సలహా. అవసరమున్నవాళ్లు తప్పక అమ్ముకోవాలి. అయితే నాలుగు గంటల పనికి గంటకింత అని న్యాయంగా కూలి వేస్తే కొనేవాళ్లు బెదిరిపోతారు. బెదరకూడదని తగ్గిస్తే మజూరీ మళ్లీ నష్టం గడిలోకే వెళ్తుంది. అమ్మకం అనగానే పని వేగం పెరగాలి, చుట్లు తగ్గాలి, చవక రాయి వెతకాలి. చవక రాయి దగ్గర ఇంకో చిక్కు ఉంది. రంగు వేసిన తెల్లరాయి ఫిరోజా అయిపోతుంది, గాజు కెంపు అయిపోతుంది. నిజమైన రాయైనా చిక్కు తప్పదు: గొలుగొండ కొండల్లో రంగురాళ్ల కోసం సాగే దొంగతవ్వకాల వార్తలు ఉత్తరాంధ్రకు కొత్త కాదు. చేతిపనికి విలువివ్వాలనేవాళ్లు రాయిని తవ్విన చెయ్యి ఎవరిదో కూడా అడగాలి. తీరికగా చేసుకునేవాళ్లకు ఆ ప్రశ్న వేసే వెసులుబాటైనా ఉంటుంది.

ఈసారి కొట్టులో మజూరీ దగ్గర బేరం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. గొలుసులో ఒక్క కొలికిని వేలితో తిప్పి, అతుకు ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే, ఆ గడిలో రాసిన డబ్బు దేనికో తెలుస్తుంది. అది ఆ అతుకు వేసిన చేతికి చేరుతోందా అని కూడా అప్పుడే అడగొచ్చు.