పాత్రలు కడుగు యంత్రములు: ఐరోపా పద్ధతి, అమెరికా పద్ధతి

భోజనమైన తరువాత పాత్రలకు ముఖ్యముగా అంటియుండునవి మూడు: జిడ్డు, పిండిపదార్థము, మాంసకృత్తులు. వీనిని తొలగించుట చిన్నపనిగా కనిపించినను అందులో ఉష్ణశాస్త్రము, రసాయన శాస్త్రము, యంత్రశాస్త్రము మూడును కలిసి పనిచేయును. ఈ పనిని ఇంటిలో చేసిపెట్టు యంత్రమును డిష్‌వాషరు అందురు. ఐరోపా ఇండ్లలోని యంత్రమునకును, అమెరికా ఇండ్లలోని యంత్రమునకును పైకి భేదము స్వల్పము. రెండును సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పుగల పెట్టెలే. రెండింటిలోను తీగలతో అల్లిన అరలుండును. గుండ్రముగా తిరుగుచు నీటిని చిమ్ము గొట్టపు చేతులుండును. లోపలి నడవడి మాత్రము వేరు. ఈ రెండింటిలో ఏది మేలు అను ప్రశ్నకు "ఐరోపా యంత్రము శుభ్రము, నిశ్శబ్దము" అని ఒక పక్షమును, "అమెరికా యంత్రము వేగము, సులభము" అని మరియొక పక్షమును జవాబు చెప్పుచుండును. ఈ తీర్పులు ఎంతవరకు నిలుచునో పరిశీలించినచో, వాదమునకు మూలము యంత్రములో కాక, అది నిలిచియున్న ఇంటిలో ఉన్నదని తెలియును.

పుట్టుక

1850లో జోయెల్ హౌటన్ అను అమెరికను కొయ్యతో చేసిన యంత్రమునకు పేటెంటు పొందెను. పిడి త్రిప్పినచో పాత్రలపై నీరు చల్లుట తప్ప అది ఎక్కువ చేయలేకపోయినది. ఇల్లినాయి రాష్ట్రములోని షెల్బీవిల్ పట్టణమునకు చెందిన జోసెఫిన్ కాక్రేన్ అను స్త్రీ 1886లో పేటెంటు పొందిన యంత్రముతో అసలు కథ మొదలైనది. పళ్ళెములకు, గిన్నెలకు సరిపడు తీగల అరలు కట్టి, వేడి సబ్బునీటిని ఒత్తిడితో చిమ్మి శుభ్రపరచుట ఆమె అనుసరించిన సూత్రము. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనములో ఆ యంత్రము బహుమతి పొందినది. హోటళ్ళవారు దానిని కొనిరి. గృహస్థులు అంతగా కొనలేదు. ఆ కాలపు ఇండ్లలో కావలసినంత వేడినీరు లేకపోవుట దీనికొక కారణము. ఐరోపాలో మొదటి విద్యుత్ యంత్రమును జర్మనీలోని మీలె సంస్థ 1929లో తయారుచేసినది. వేడినీరు ఎక్కడినుండి రావలెనను ప్రశ్న ఆనాటినుండి నేటివరకు ఈ యంత్రముల రూపమును నిర్ణయించుచునే యున్నది.

నాలుగు అంశములు

1959లో హెర్బర్ట్ సిన్నర్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు శుభ్రపరచు ప్రతి క్రియలోను నాలుగు అంశములున్నవని చెప్పెను. అవి రసాయనము, ఉష్ణము, యాంత్రిక బలము, కాలము. వీనిని ఒక వలయముగా చిత్రింతురు. ఒక భాగమును తగ్గించినచో మిగిలిన భాగములు ఆ లోటును పూరింపవలెను. చేతితో తోముటలో బలము ఎక్కువ, కాలము తక్కువ. యంత్రములో రుద్దు చేయి లేదు గనుక వేడి, క్షారము, ఎంజైములు, కాలము ఆ పని చేయవలెను. ఐరోపా, అమెరికా యంత్రముల భేదములలో చాలవరకు ఈ వలయమును ఎవరు ఎట్లు పంచుకొనిరను దానిలోనే యిమిడియున్నవి.

విద్యుత్తు, వేడినీరు

ఐరోపా ఇండ్లలో విద్యుత్ పీడనము 230 వోల్టులు. అమెరికా ఇండ్లలో మామూలు ప్లగ్గులకు వచ్చునది 120 వోల్టులు. 10 ఆంపియర్ల ప్రవాహముతో ఐరోపా తీగ 2300 వాట్లు ఇయ్యగలదు. అమెరికాలో 15 ఆంపియర్ల తీగయైనను 1800 వాట్లకు మించదు. చాలసేపు నడచు పరికరమునకు అందులో కొంత భాగమునే వాడవలెను. అందుచేత ఐరోపా యంత్రములో సుమారు 2000 వాట్ల హీటరును, అమెరికా యంత్రములో తరచుగా 1000 వాట్లకు అటు ఇటుగా నుండు హీటరును అమర్చుదురు.

దీని ఫలితమును విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును. యంత్రములోని 4 లీటర్ల నీటిని 15 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 55 డిగ్రీలకు తెచ్చుటకు 4 × 4.2 × 40, అనగా 672 కిలోజౌళ్ళు కావలెను. లోపల 10 కిలోగ్రాముల పింగాణి యున్నచో దానికి మరి సుమారు 340 కిలోజౌళ్ళు. మొత్తము 1000 కిలోజౌళ్ళకు కొంచెము పైన. 2000 వాట్ల హీటరు దీనిని సుమారు ఎనిమిదిన్నర నిమిషములలో ఇచ్చును. 1000 వాట్ల హీటరుకు సుమారు 17 నిమిషములు పట్టును. ఒక కడుగుడులో నీటిని రెండు మూడుసార్లు వేడిచేయవలసివచ్చినచో ఆలస్యము ఇంకను పెరుగును. కనుకనే అమెరికా యంత్రమును ఇంటిలోని వేడినీటి గొట్టమునకు కలుపుదురు. అక్కడ పెద్ద తొట్టిలో సుమారు 49 డిగ్రీల వేడినీరు ఎల్లప్పుడును సిద్ధముగా నుండును. ఐరోపా యంత్రమును సాధారణముగా చన్నీటి గొట్టమునకే కలుపుదురు.

అమెరికా పద్ధతిలో ఒక చిక్కు కలదు. తొట్టి నుండి వంటింటికి 10 మీటర్ల గొట్టమున్నదనుకొందము. గొట్టము లోపలి వ్యాసము 2 సెంటీమీటర్లైనచో అందులో 3 లీటర్లకు పైగా చల్లారిన నీరు నిలిచియుండును. యంత్రము ఒకసారి తీసికొను నీరు నాలుగైదు లీటర్లే. మొదట లోపలికి వచ్చునది చాలవరకు చన్నీరే! అందువలననే యంత్రమును నడుపుటకు ముందు ప్రక్కనున్న కుళాయిని వేడినీరు వచ్చువరకు విప్పియుంచవలెనని అక్కడి సూచన పుస్తకములు చెప్పును.

ఐరోపా పక్షమువారు చేయు ఒక ఆక్షేపణ మాత్రము బలమైనది కాదు. మొదటనే వేడినీరు తగిలినచో గుడ్డు వంటి మాంసకృత్తులు గడ్డకట్టి పాత్రకు అంటుకొనునని వారందురు. గుడ్డు తెల్లసొన గడ్డకట్టుటకు 60 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. 49 డిగ్రీల నీరు ఆ హద్దును చేరదు. అయితే చన్నీటితో మొదలై మెల్లగా వేడెక్కు యంత్రములో ఎంజైములకు పనిచేయు వ్యవధి హెచ్చుగా దొరకునన్నది నిజమే.

కఠిన జలము

ఐరోపా యంత్రము అడుగున మూతగల ఒక చిన్న అర యుండును. అందులో ఉప్పు పోయుదురు. ఈ ఉప్పు పాత్రలను కడుగుటకు కాదు. సున్నపురాతి నేలలలో ఊరిన నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములుండును. ఇదియే కఠిన జలము. వేడిచేసినపుడు అందులోని కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారి, గాజుపై తెల్లని పొరగను, హీటరుపై పెచ్చుగను పేరుకొనును. దీనిని నివారించుటకు యంత్రములో అయాన్ వినిమయ రెజిన్ పూసలుండును. నీరు వానిగుండా పోవునపుడు కాల్షియము, మెగ్నీషియము అయానులు పూసలపై నిలిచి, వానికి బదులు సోడియం అయానులు నీటిలోనికి వచ్చును. పూసల శక్తి తరిగినపుడు గాఢమైన ఉప్పునీరు వానిపై ప్రవహించి తిరిగి సోడియమును నింపును.

అమెరికా యంత్రములలో ఎక్కువవానికి ఈ ఏర్పాటు లేదు. అక్కడ కఠిన జలము లేకపోలేదు; ఆరిజోనా, టెక్సాస్, ఇండియానా రాష్ట్రములలో చాలచోట్ల నీరు మిక్కిలి కఠినము. అట్టిచోట్ల ఇంటి మొత్తమునకు ఒకే మృదుకరణ యంత్రము పెట్టుకొనుట వాడుక. ఆ యేర్పాటు లేని ఇండ్లలో చాలకాలము డిటర్జెంటులోని ఫాస్ఫేట్లు ఈ లోటును కప్పినవి. అవి కాల్షియమును పట్టి నీటిలోనే కరగియుండునట్లు చేయును.

కాని ఫాస్ఫేట్లు మురుగునీటితో చెరువులను, నదులను చేరి నాచును విపరీతముగా పెంచును. నాచు చచ్చి కుళ్ళునపుడు నీటిలోని ఆక్సిజను తరిగి చేపలు చనిపోవును. అందువలన 2010లో అమెరికాలోని 16 రాష్ట్రములు ఈ డిటర్జెంట్లలో ఫాస్ఫరసును దాదాపు నిషేధించినవి. తయారీదారులు దేశమంతటికిని సూత్రమును మార్చిరి. ఐరోపా సమాఖ్యలో ఇట్టి కట్టుబాటు 2017 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఫాస్ఫేటు తొలగిన తరువాత, కఠిన జలముగల అమెరికా ఇండ్లలో గాజుగ్లాసులపై తెల్లని మసక కనిపించసాగినది. యంత్రము చెడినదని అనేకులు భావించిరి. యంత్రము చెడలేదు, వలయములోని రసాయనమను భాగము తగ్గినది, దానిని పూరించు భాగము యంత్రములో లేదు. ఈ ఒక్క విషయములో ఐరోపా నిర్మాణమే శాస్త్రసమ్మతమైనదని చెప్పవలెను. నీటి దోషమును చెరువు మీదికి నెట్టక యంత్రములోనే సరిచేయుట దాని గుణము. అయితే ఉప్పు నింపుట మరచినచో ఆ గుణము శూన్యమగును.

ఆరబెట్టుట

పాత అమెరికా పద్ధతిలో తొట్టి అడుగున బయటికి కనిపించు హీటరు కడ్డీ గాలిని వేడిచేయును. ఆవిరి తలుపులోని రంధ్రముగుండా వెలుపలికి పోవును. ప్లాస్టిక్ పాత్రలు కూడ చక్కగా ఆరును. కాని విద్యుత్తు ఖర్చు ఎక్కువ, కడ్డీకి దగ్గరనున్న ప్లాస్టిక్ వంకరపోవచ్చును. ఐరోపా పద్ధతిలో ప్రత్యేకముగా ఆరబెట్టు హీటరు లేదు. చివరి నీటిని బాగుగా వేడిచేయుదురు. పాత్రలు ఆ వేడిని నిలుపుకొని తమపైని నీటిని తామే ఆవిరిచేయును. తొట్టి గోడలు స్టెయిన్‌లెస్ స్టీలువి. అవి పాత్రలకంటె త్వరగా చల్లబడును గనుక ఆవిరి వానిపై సాంద్రీకరణము చెంది క్రిందికి జారును. చల్లనినీరు పోసిన గ్లాసు వెలుపల చెమర్చుట వంటిదే ఇది.

ఇందులో లోపము పలుచని ప్లాస్టిక్ పాత్రల విషయములో బయటపడును. వానిలో నిలుచు వేడి స్వల్పమైనందున అవి తడిగానే మిగులును. దీనిని సరిదిద్దుటకు కొన్ని యంత్రములలో కడుగుడు ముగియగనే తలుపు తానే కొంచెము తెరచుకొనును. మరికొన్నింటిలో జియోలైట్ అను ఖనిజమును వాడుదురు. అది తేమను అధిశోషణము చేసికొని, ఆ క్రియలో వేడిని వెలువరించును. ఆ వేడియే మరల పాత్రలను ఆరబెట్టును.

వడపోత, శబ్దము

చాల అమెరికా యంత్రములలో మెతుకులను నలుగగొట్టు చిన్న బ్లేడుండెడిది. గృహిణికి శ్రమలేదు గాని శబ్దము ఎక్కువ. ఐరోపా యంత్రములో సన్నని జల్లెడ యుండును. శబ్దము లేదు గాని దానిని అప్పుడప్పుడు తీసి కడుగవలెను. కడుగనిచో మురికినీరే మరల చిమ్మబడి దుర్గంధము పుట్టును. మేలైన ఐరోపా యంత్రములు 40 నుండి 45 డెసిబెల్‌ల శబ్దము చేయును. చవక రకపు ప్లాస్టిక్ తొట్టిగల అమెరికా యంత్రములు 55కు పైబడును. 10 డెసిబెల్‌ల తేడా అనగా ధ్వనిశక్తిలో పది రెట్లు. ఇటీవల అమెరికా తయారీదారులలో పలువురు కూడ జల్లెడకే మారిరి.

కొలతబద్దల భేదము

యంత్రములపై అంటించు ప్రభుత్వపు చీటీలను చూచి పోల్చువారు పొరపడుట సులభము. 2013 నుండి అమెరికాలో మామూలు పరిమాణపు యంత్రము ఏడాదికి 307 యూనిట్ల విద్యుత్తును, ఒక కడుగుడుకు 5 గాలన్లను, అనగా సుమారు 19 లీటర్ల నీటిని మించరాదని నియమము వచ్చినది. ఆ ఏడాది లెక్క 215 కడుగుళ్ళకు. ఒక్కొక్కదానికి సుమారు 1.43 యూనిట్లు. ఐరోపాలో పాత చీటీలు ఏడాదికి 280 కడుగుళ్ళ లెక్కను తీసికొనెడివి. 2021 మార్చి 1 నుండి క్రొత్త చీటీ 100 కడుగుళ్ళ ఖర్చును చూపుచున్నది. ఏడాది అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి తీర్పుచెప్పుట గజముతోను, మూరతోను కొలిచిన గుడ్డలను పోల్చుట వంటిది.

అమెరికా యంత్రపు ప్లగ్గుకు మీటరు తగిలించి చూచినను నిజము పూర్తిగా తెలియదు. 12 లీటర్ల నీటిని 15 నుండి 50 డిగ్రీలకు వేడిచేయుటకు దాదాపు అర యూనిటు శక్తి కావలెను. అది వేడినీటి తొట్టి ఖాతాలో పడును. పైగా ఐరోపా యంత్రము వేడి అవసరమైన ఘట్టములలోనే నీటిని వేడిచేయగా, అమెరికా యంత్రము తొలి జాలింపునకు కూడ వేడినీటినే తీసికొనును. అయితే ఆ తొట్టి గ్యాసుతో కాగునదైనచో ఇంధనమును నేరుగా వాడుటలోని లాభము అమెరికా వైపున చేరును.

ఐరోపా చీటీలోను ఒక లోపమున్నది. అది "ఎకో" అను ఒక్క కార్యక్రమమునే కొలుచును. ఆ కార్యక్రమము వేడిని తగ్గించి కాలమును పెంచును. మూడు నుండి నాలుగు గంటలు పట్టును, సుమారు 10 లీటర్ల నీటితో ముగియును. సిన్నర్ వలయమునకు ఇది చక్కని ఉదాహరణము. కాని అంతసేపు ఆగలేక గృహస్థు గంటలో ముగియు కార్యక్రమపు మీటను నొక్కినచో, చీటీపైని అంకె అతని ఇంటికి వర్తింపదు.

తీర్పు

ఒక దృష్టాంతము ఈ వాదమును తేల్చును. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1997 నుండి అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రములో, న్యూబర్న్ పట్టణములో ఈ యంత్రములను తయారుచేయుచున్నది. అక్కడివి 120 వోల్టులకు అనువైనవి. వేడినీటి గొట్టమునకు కలుపుటకు ఉద్దేశింపబడినవి. చాల నమూనాలలో ఉప్పు అర లేదు. సంస్థ ఒకటే, శాస్త్రము ఒకటే. ఇల్లు మారినది గనుక యంత్రము మారినది.

అమెరికాలో స్థిరపడి స్వదేశమునకు తిరిగివచ్చు తెలుగు కుటుంబములకు ఇందులో ఒక పాఠమున్నది. 120 వోల్టుల హీటరును మన 230 వోల్టులకు నేరుగా తగిలించినచో దాని సామర్థ్యము వోల్టేజి వర్గమును బట్టి దాదాపు 3.7 రెట్లగును, అది కాలిపోవును. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించును గాని 50 సైకిళ్ళను 60 చేయలేదు. మన ఇండ్లలో చన్నీటి గొట్టము, 230 వోల్టులు, అనేక గ్రామములలో బోరుబావుల కఠిన జలము ఉన్నవి. ఈ మూడును ఐరోపా నిర్మాణమునకే అనుకూలము. అది ఐరోపాది గనుక మేలు కాదు. ఇక్కడి నీటికి, ఇక్కడి విద్యుత్తుకు సరిపడినది గనుక మేలు. యంత్రమును కొనదలచువాడు దాని జన్మస్థలమును అడుగుటకు ముందు, తన కుళాయి నీరు ఎంత కఠినమో, తన ప్లగ్గు ఎన్ని వాట్లు ఇయ్యగలదో, తాను ఎన్ని గంటలు ఆగగలడో తెలిసికొనవలెను.