చాప మీద నేర్చిన నాయకత్వం

వ్యక్తిత్వ వికాసం పేరుతో తెలుగులో వచ్చే పుస్తకాలు చాలావరకు ఒకే మాట చెబుతాయి: నీలో గొప్ప శక్తి నిద్రపోతోంది, దాన్ని మేల్కొలుపు. చదివినంతసేపూ ఒంట్లో ఉత్సాహం పొంగుతుంది. మర్నాడు తెల్లవారుజామున అలారం మోగితే చెయ్యి దాన్ని నొక్కేస్తుంది. ఈ తప్పు చదివినవాళ్లది కాదు. తనను తాను నడుపుకునే విద్యను మనం మనోబలం ఖాతాలో రాసుకున్నాం, అది రావలసింది ఏర్పాటు ఖాతాలోకి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు చేయాలో ముందే కుదిరిన పని సాగుతుంది. ఆ పూట మనసు ఎలా ఉంటే అలా అని వదిలేసిన పని మూలన పడుతుంది. ఈ విద్య నేర్పే బడి మన ఊళ్లలోనే ముప్ఫై ఏళ్లుగా నడుస్తోంది. అది పొదుపు సంఘం. అయినా నాయకత్వ పాఠాల కోసం అటు చూసినవాళ్లు తక్కువ.

మనోబలం కండరం లాంటిదని, వాడేకొద్దీ అలసిపోతుందని చెప్పిన రాయ్ బామైస్టర్ బృందం ప్రయోగం 1998లో వెలువడి చాలాకాలం చెలామణి అయింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేల మందికి పైగా మనుషులతో ఆ అలసటను పరీక్షించి చూస్తే, చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్‌లో పసిపిల్లల ముందు మిఠాయి పెట్టి చేసిన పరీక్ష చాలామంది విన్నదే. ఇప్పుడే తింటే ఒకటి, కాసేపు ఆగితే రెండు. ఆ కథ చెప్పేవాళ్లు ఆగిన పిల్లల నిగ్రహాన్ని మెచ్చుకుని అక్కడితో ముగిస్తారు. వాళ్లు ఎలా ఆగారన్నది అంతకన్నా విలువైన సంగతి. కొందరు కళ్లు మూసుకున్నారు, కొందరు అటు తిరిగి కూర్చున్నారు, కొందరు తమలో తాము పాడుకున్నారు. ఆశతో కుస్తీ పట్టకుండా దాన్ని చూపు నుంచి తప్పించారు. పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు కూడా ఇలాంటి విషయమే తేలింది. ‘రోజూ నడుస్తాను’ అనుకున్నవాళ్ల కన్నా, ‘పొయ్యి మీంచి పాలు దించగానే నడకకు బయల్దేరతాను’ అన్నట్టు సమయాన్నీ పనినీ ముడివేసుకున్నవాళ్లు అనుకున్నది చేయగలుగుతున్నారు.

ఇక మన బడి సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ కదలిక ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లా ఆడవాళ్లే తర్వాత రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమాన్ని నిలబెట్టారు. రూపాయి చిన్నదే. దాని చుట్టూ అల్లుకున్న పద్ధతిని మాత్రం శ్రద్ధగా చూడాలి. సంఘాల్లో పంచసూత్రాలు అంటారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, గడువులోగా తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. పది పదిహేను మంది చాప పరిచి కూర్చుంటారు. హాజరు పిలుస్తారు. ఎవరి పొదుపు వాళ్లు అందరి ముందూ కడతారు. అప్పు కావలసినామె ఎందుకో చెబుతుంది, మిగతావాళ్లు మాట్లాడుకుంటారు, తీర్మానం రాస్తారు, చదివి వినిపిస్తారు, సంతకాలు పెడతారు. ఇందులో ఏ మెట్టూ ఆ రోజు ఎవరికి ఎంత ఉత్సాహం ఉందన్న దాని మీద ఆధారపడదు. ఈ నెల పొదుపు కట్టాలా వద్దా అని తర్కించుకునే అవసరమే రాదు. ఆ నిర్ణయం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు మిగిలింది కొంగు ముడి విప్పడమే.

నాయకత్వం కూడా అక్కడే మొదలవుతుంది. తన వాయిదా బాకీ పెట్టుకున్న లీడరు పక్కామెను వాయిదా ఏదని అడగలేదు. ఎదురింటామె అప్పు అడిగినప్పుడు, పాత బాకీ తీరాక చూద్దామని పదిమందిలో చెప్పి, మర్నాడు ఆమెతోనే కలిసి నీళ్లకు వెళ్లాలి. ఏ శిక్షణ తరగతిలోనూ దొరకని కష్టమైన అభ్యాసం ఇది. కొన్నాళ్లకు లీడరు మారాలన్న కట్టుబాటు ఇంకా కష్టం. పుస్తకాలు, బ్యాంకు పనులు మరొకరి చేతికిచ్చి మామూలు సభ్యురాలిగా కూర్చోవడం అందరికీ చేతకాదు. ఏళ్ల తరబడి ఒకరే లీడరుగా ఉండిపోయిన సంఘాలు లేకపోలేదు.

ఇదంతా పదిమంది ఒత్తిడే కదా, స్వయం నిర్వహణ ఎలా అవుతుందని అడగవచ్చు. ఆ ఒత్తిడి ఎంత క్రూరంగా మారగలదో మనం చూశాం. సూక్ష్మరుణ సంస్థలు ఇలాగే గుంపులు కట్టించి, ఒకరి బాకీకి మిగతావాళ్లను పూచీ పెట్టి, వారం వారం వసూలు చేశాయి. అప్పుల బాధతో ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. ఈ అభ్యంతరం బలమైనదే. కానీ తేడా ఒకటుంది. సంఘంలో నియమం పెట్టుకునేది సభ్యులే, అంతర్గత అప్పుల మీద వచ్చే వడ్డీ వాళ్ల ఉమ్మడి నిధిలోకే చేరుతుంది, గడువు పొడిగించాలన్నా వాళ్లే తీర్మానిస్తారు. సూక్ష్మరుణంలో నియమం బయటి నుంచి వచ్చింది, దాన్ని సడలించే హక్కు కూర్చున్నవాళ్లలో ఎవరికీ లేదు. తాను ఒప్పుకున్న మాటకు సాక్షులను తానే పిలుచుకోవడం ఒకటి, తన మీద కాపలా పెట్టించుకోవడం వేరొకటి.

చేతిలో రూపాయి ఆడనివాళ్లకు ఏ పద్ధతైనా ఏం చేస్తుందన్నది మరో ప్రశ్న. మిఠాయి పరీక్షనే 2018లో తొమ్మిది వందల మందికి పైగా పిల్లలతో మళ్లీ పరిశీలించారు. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకోగానే, ఆగిన పిల్లలు పెద్దయ్యాక ముందుంటారన్న జోస్యం చాలావరకు చప్పబడింది. రేపటి మీద భరోసా లేని ఇంట్లో ఈ రోజే తినేయడం తెలివితక్కువ కాదు. కాబట్టి బీదరికాన్ని క్రమశిక్షణ లోపంగా చూసే ఉపన్యాసాలను నేను ఒప్పుకోను. సంఘం ఆ ఉపన్యాసం ఇవ్వలేదు. రోజుకు రూపాయి అన్న చిన్న అంకె ఎంచుకుంది, అవసరం పడ్డ రోజు అందులోంచే అప్పిచ్చింది. రేపటి మీద కాస్త భరోసా కల్పించి, ఆ తర్వాతే ఆగమంది.

ఇప్పుడు సంఘాల లెక్కలు ఫోన్లలోకి మారుతున్నాయి. కూడికల తప్పులు తగ్గుతాయి, మంచిదే. నా దిగులు చదివి వినిపించే ఆ పది నిమిషాల గురించి. తన పేరు, దాని పక్కన తన అంకె పదిమందిలో వినడం కోసమే సభ్యురాలు నెలంతా ఆ రూపాయలు విడిగా దాచింది. సమావేశమే లేకుండా ఇంటింటికీ తిరిగి సొమ్ము తీసుకుని, గడప దగ్గరే సంతకం పెట్టించుకునే సంఘాలూ ఉన్నాయి. అక్కడ పుస్తకం నిండుతుంది, చాప మాత్రం చుట్టే ఉంటుంది.