ఒక అవార్డు, అన్ని కథలు

అవార్డంటే ఏరడం. వంద పుస్తకాల్లోంచి ఒకటి వేదికెక్కుతుంది, మిగతావి మరుగున పడతాయి. 1995లో ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినప్పుడు కథకుడు కాళీపట్నం రామారావుగారు (కారా మాస్టారు) ఆ సొమ్మును మరుగున పడ్డవాటి కోసం ఖర్చుపెట్టారు. మిత్రులు తలో చెయ్యి వేశారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళం విశాఖ-ఎ కాలనీలో తెలుగు కథల గ్రంథాలయం ‘కథానిలయం’ తలుపులు తెరుచుకుంది. అచ్చయిన ప్రతి తెలుగు కథా అక్కడికి చేరాలన్నది కారా మాస్టారి పట్టుదల.

ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే మన కథ ఎక్కడ పుడుతుందో చూడాలి. ఎక్కువ కథలు పుట్టేది పత్రికలోనే. వారపత్రిక ఆయుష్షు వారం. ఆ తర్వాత అది పాత పేపర్ల తూకానికి పోతుంది, పచారీ కొట్టులో పొట్లమవుతుంది. సంపుటిగా వచ్చే అదృష్టం కొన్ని కథలదే. అందుకే సేకరణ పాత సంచికలతో మొదలైంది. దాచుకున్నవాళ్లని వెతికి అడగడం, ఇచ్చినవి తెచ్చుకోవడం, ఇవ్వలేనివాటికి జిరాక్సు తీయించుకోవడం.

తెచ్చిన కథ జాబితాకెక్కే తీరులో అసలు పనితనం ఉంది. కథ పేరు, రచయిత, పత్రిక, అది వారపత్రికో మాసపత్రికో, అచ్చయిన తేదీ, తర్వాత చేరిన సంపుటి. ఏ గడీ ఊరికే లేదు. ఒకే పేరుతో పదిమంది కథలు రాసి ఉండొచ్చు, రచయిత పేరు వాటిని విడదీస్తుంది. పత్రిక ఎన్నాళ్లకోసారి వచ్చేదో తెలిస్తే మధ్యలో ఏ సంచిక దొరకలేదో లెక్క తేలుతుంది. కథ గొప్పదా కాదా అన్న గడి మాత్రం లేదు. దెయ్యం కథకీ, గ్రహాంతరయానం కథకీ, ‘యజ్ఞం’కీ తలా ఒక వరస.

ఇక రచయిత పేరు. మన పత్రికల్లో ఆడపేరుతో రాసిన మగవాళ్లున్నారు, రెండు మూడు కలం పేర్లున్నవాళ్లున్నారు. ఆ పేర్లన్నీ ఒక మనిషి దగ్గరికి చేర్చకపోతే ఒక జీవితకాలపు రచన ముక్కలైపోతుంది. ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఆలిస్ షెల్డన్ అనే ఆవిడ జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ అన్న మగపేరుతో సైన్సు కథలు రాసింది. స్త్రీ పురుష భేదాన్ని కొత్తగా ఆలోచింపజేసే సైన్సు, అద్భుత కథల కోసం 1991లో పాట్ మర్ఫీ, కారెన్ జాయ్ ఫౌలర్ ఆ పేరుమీదే ఒక అవార్డు పెట్టారు. కేకులు చేసి అమ్మి డబ్బు కూడబెట్టారు. 2019లో దాని పేరు ‘అదర్‌వైజ్’గా మారింది. అక్కడి న్యాయనిర్ణేతలు గెలిచిన రచనతో ఆగరు. చదవదగ్గవని తోచిన మిగతావాటి జాబితా కూడా ప్రకటిస్తారు. ఏరడంలోనే మిగతావాటికి చోటుంచే ఆ జాగ్రత్త చూస్తే నాకు కథానిలయమే గుర్తొస్తుంది.

తేదీ గడి చేసే మేలు మరొకటి. విజయనగరం గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ను తొలి ఆధునిక కథగా చదువుకుంటూ పెరిగాం. అయితే 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ అచ్చయింది. ఏది మొదటిదన్న వాదం విమర్శకులు తేల్చుకుంటారు. ఆ వాదానికి ముందు ఆవిడ కథ తేదీతో సహా కళ్లెదుట ఉండాలి. తేదీల వరసలో పెడితే అచ్చమాంబ గురజాడకి ఎనిమిదేళ్లు ముందు నిలబడుతుంది. అందుకు ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

ఈ వరసలన్నీ కలిస్తే కథానిలయం. గోడలమీద కథకుల ఫొటోలు, అల్మారాల్లో సంపుటాలు, పాత సంచికలు. ఆ జాబితా ఇప్పుడు ఇంటర్నెట్టులోనూ ఉంది, డల్లాస్‌లో కూర్చున్నా వెతుక్కోవచ్చు. మాస్టారు 2021 జూన్ 4న వెళ్లిపోయారు. జాబితా మాత్రం మిగిలింది. అందులో, ఎప్పుడో ఒకే ఒక్క కథ రాసి ఊరుకున్న మనిషి పేరు కొట్టి చూడండి. కథ, పత్రిక, తేదీ వరసగా కనిపిస్తాయి. ఏదైనా గడి ఖాళీగా ఉంటే, మీ అటక మీద ఆ సంచిక ఉందేమో ఓసారి వెతకండి.