కరోనాకాలపు తెలుగు తెర: మాచునూర్ నుంచి ఒక పరిశీలన

2020 మార్చిలో చిత్రీకరణలు స్తంభించినపుడు తెలుగు చలనచిత్ర, టెలివిజన్ రంగాల నష్టంపై జరిగిన చర్చ హైదరాబాదు స్టూడియోల ప్రాంగణం దాటలేదు. దినసరి వేతన కార్మికులు ఉపాధి కోల్పోయారు; వారిని ఆదుకొనేందుకు చిరంజీవి చొరవతో కరోనా క్రైసిస్ ఛారిటీ ఏర్పడింది. ధారావాహికలు ఆగిపోగా ఛానళ్లు పాత భాగాలనే పునఃప్రసారం చేశాయి. జూన్‌లో షరతులతో అనుమతి లభించింది. సెప్టెంబరు 5న 'వి' చిత్రం థియేటరుతో నిమిత్తం లేకుండా ఓటీటీలో విడుదలయింది. ఇదంతా సుపరిచితమే. అయితే తెలుగు దృశ్యమాధ్యమ చరిత్ర మొత్తం ఇదేనని భావించడం సమంజసం కాదు.

సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలోని మాచునూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైంది. దీనికి మూలమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు, ప్రధానంగా దళిత స్త్రీలు, అంతకు ముందే కెమెరా చేతబట్టారు. సంస్థకు సారథ్యం వహించిన పి.వి.సతీష్ దూరదర్శన్ నుంచి వచ్చినవారు కావడం ఇక్కడ గమనార్హం. వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి వేసిన రైతుల నష్టాన్ని ఈ స్త్రీలు మూడేళ్లపాటు వెంబడించి చిత్రీకరించారు. తారలు, సెట్లు, క్యారవాన్లు లేని నిర్మాణ పద్ధతి ఇది.

పరిశ్రమ మహమ్మారి ఒత్తిడితో సిబ్బందిని కుదించుకొంది; వీరి బృందం తొలినుంచీ చిన్నదే. అందువల్ల ఈ పద్ధతికి సంక్షోభం అంటదని తీర్మానించవచ్చునా? నా దృష్టిలో అది తొందరపాటు. రైతు పక్కన కూర్చొని మాట రాబట్టడం ఈ చిత్రాలకు ప్రాణం. తీసిన చిత్రాన్ని సంఘం కలిసి చూసి చర్చించినపుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది. భౌతికదూరం నిషేధించినది సరిగ్గా ఈ రెండింటినే. 'వి'ని ఓటీటీ ఆదుకోగలిగింది, ఎందుకంటే ఆ చిత్రానికి ప్రేక్షకుడు ఒంటరిగా ఉన్నా సరిపోతాడు. చందా కడితే చాలు. సంఘానికి అటువంటి ప్రత్యామ్నాయం లేదు. రేడియో కొంత మేలు: విడివిడి ఇళ్లలో ఉన్నవారిని ఒకే గొంతు చేరగలదు.

2021 ఫిబ్రవరిలో వచ్చిన 'జాంబీ రెడ్డి' కరోనా టీకా ప్రయోగాన్నే కథాబీజంగా తీసుకొని, రాయలసీమ పల్లెను జాంబీలతో నింపింది. సరదాగా సాగే చిత్రమే, కాదనను. కానీ అందులో పల్లె విపత్తుకు రంగస్థలం మాత్రమే. మాచునూర్‌లో పల్లెదే కెమెరా. మహమ్మారి కాలపు చిత్రాల జాబితాలు కూర్చే పరిశోధకులు విడుదల తేదీని, వేదికను నమోదు చేస్తున్నారు. కెమెరా ఎవరి చేతిలో ఉన్నదనే గడి ఆ పట్టికల్లో ఇంకా చేరవలసి ఉంది.