ఉపన్యాసం కాదు, ఆట కావాలి

సోమల, పుంగనూరు, మదనపల్లె, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల వద్ద జరిగే మహాభారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగుతాయి. తెల్లవార్లూ కూర్చుని ధర్మాధర్మాలను తూచే ఆ జనం కోసం సామాజిక నాటకం వేయదలచినవారు ముందుగా ఆ ఆటలోని పనితనాన్ని నేర్చుకోవాలి.

వీధినాటకంలో పాత్ర ఒక్కసారిగా ఎదుటికి రాదు. ఇద్దరు పట్టిన తెర వెనుక మొదట గజ్జెలు మోగుతాయి, కిరీటం అంచు కనిపిస్తుంది; తెర తొలగాక తానెవరో చెప్పుకుంటూ పాత్ర పాడే పాటే ప్రవేశ దరువు. ఎంతటి రాజునైనా హాస్యగాడు నిలబెట్టి ఊరూ పేరూ అడుగుతాడు. ఇదే పద్ధతిలో ఒక వడ్డీ వ్యాపారిని ప్రవేశపెట్టి, అప్పు నోటు ఎవరు రాశారో, దాని మీది వేలిముద్ర ఎవరిదో హాస్యగాడి చేత అడిగిస్తే, ప్రేక్షకుడు నవ్వుతూనే తన అప్పు లెక్కను తానే తిరగేసుకుంటాడు. కథలో లీనం కాకుండా కాస్త ఎడంగా నిలిచి తరచి చూడాలని జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ కోరినది కూడా ఇటువంటి చూపునే.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గురజాడ సంస్కరణను ఉపన్యాసంగా చెప్పలేదు, సంస్కరణ కబుర్లు చెప్పే గిరీశాన్నే మోసగాడిగా నిలిపి, మాటకూ చేతకూ ఉన్న దూరాన్ని చూపించాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టి, జనానికి అలవాటైన రూపంలోనే కొత్త విషయాన్ని చెప్పింది.

బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ ఇంకొక అడుగు వేశాడు. ఆయన రూపొందించిన చర్చా నాటకంలో అన్యాయానికి గురైన పాత్ర ఓడిపోయే సన్నివేశాన్ని ఒకసారి చూపి మళ్లీ మొదలుపెడతారు. ప్రేక్షకులలో ఒకరు లేచి ఆట ఆపించి, ఆ పాత్ర స్థానంలో నిలబడి వేరే దారి ప్రయత్నిస్తారు. బడి మాన్పించి పెళ్లి చేయబోతున్న బాలిక కథను ఈ విధంగా ఆడితే, తండ్రికి ఏం చెప్పాలో, ఎవరిని తోడు పిలవాలో ఊరే వెతుక్కోవలసి వస్తుంది.

అందువల్ల సామాజిక నాటకం రాసేవారు చివరి నీతివాక్యాన్ని తీసివేసి, ఆ సమయాన్ని ప్రేక్షకులకు ఇవ్వడం మేలు. ఆ పెళ్లి ఆపగలిగిన మేనమామలూ పెద్దమ్మలూ కూర్చున్నది వేదిక మీద కాదు, ఎదురుగానే.