వాలు తెలిసిన పనితనం

బెంగళూరు విమానాశ్రయం పక్కనున్న చిన్న ఊరు దేవనహళ్లి. మురుగు పైపులు లేని ఆ ఊళ్లో లారీలు తోడుకెళ్లే సెప్టిక్ ట్యాంకుల మడ్డి కోసం 2015లో శుద్ధి కేంద్రం కట్టారు. సామర్థ్యం రోజుకు 6 ఘనపు మీటర్లు. నాకు అమితంగా నచ్చేది దాని వాలు. తొట్టి తర్వాత తొట్టి కాస్త దిగువన ఉంటుంది కాబట్టి మడ్డి తనంతట తానే సాగిపోతుంది, శుద్ధికి కరెంటు అక్కర్లేదు. మోటార్లు పెడితే అవి కాలినప్పుడల్లా బాగుచేయించే స్తోమత చిన్న ఊళ్లకు ఎక్కడిది? ఆ సంగతి ముందే ఆలోచించిన ఇంజినీర్లకు చేతులెత్తి మొక్కాలి. గాలి చొరని తొట్లలో సూక్ష్మజీవులు మడ్డిని కుళ్లబెడతాయి. తర్వాత ఇసుక, కంకర పరిచిన మడుల్లో నీరు కిందికి ఇంకి, పైన నల్లటి పెళ్ల ఎండి నెర్రెలిస్తుంది. దాన్ని తడిచెత్తతో కలిపి మాగబెడితే పొలానికి ఎరువు.